ప్రింటు చీర మీద మా ఊరి పేరు, జీఐ ఉండి ఏం లాభం?

చిటికి_పిల్ల:
నమస్తే అందరికీ. ఇక్కడ మొదటిసారి రాస్తున్నా, పొడుగైతే ఏమనుకోకండి. మాది పోచంపల్లి పక్క ఊరు, నాన్న చిటికి కట్టి (నూలుకు ముడులేసి రంగు అద్ది) మగ్గం నేస్తాడు, నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. మొన్న ఆఫీసులో ఒకామె "మీ ఊరి చీరే కట్టుకొచ్చా చూడు" అని సంబరంగా చూపించింది. ఆన్‌లైన్‌లో ఎనిమిది వందలకు కొన్నదట. కొంగు తిప్పి చూస్తే వెనకవైపు రంగే లేదు, పాలిపోయి ఉంది. ప్రింటు. అమ్మినవాడి పేజీలో మాత్రం 'పోచంపల్లి ఇక్కత్ సిల్క్' అని పెద్దక్షరాలతో ఉంది. ఆమె ముఖం చూసి ఏమీ అనలేకపోయాను. నాన్నకు ఫోన్ చేసి చెబితే "ఇది ఇప్పటి ముచ్చటా బిడ్డా" అని నవ్వాడు, ఆ నవ్వే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

పోచంపల్లి ఇక్కత్‌కు 2005లోనే జీఐ (భౌగోళిక సూచిక) ట్యాగ్ వచ్చిందని చిన్నప్పటి నుంచి వింటున్నా. దేశంలో వేసిన మొట్టమొదటి దరఖాస్తుల్లో మాది నాలుగోదని ఊళ్లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఇన్నేళ్లయింది కదా, మరి ఎవరు పడితే వాళ్లు ఆ పేరు ఎలా వాడుతున్నారు? చట్టంలో శిక్ష లేదా, లేక ఉండీ ఎవరూ పట్టించుకోవట్లేదా?

ఊరికే_చదువుతా:
నాకూ ఇదే డౌటు. జీఐ అంటే ఆ డిజైన్ ఇంకెవరూ వేయకూడదనే కదా? పేటెంట్ లాంటిదేగా?

నల్లకోటు:
కాదండీ, చాలామంది పొరబడేది ఇక్కడే. కోర్టు పనుల మధ్య రాస్తున్నా, కాస్త ఓపిగ్గా చదవండి.

జీఐ అంటే భౌగోళిక సూచిక. మన చట్టం 1999లో చేశారు, 2003 సెప్టెంబర్ 15 నుంచి అమల్లోకి వచ్చింది, రిజిస్ట్రీ చెన్నైలో ఉంది. అది కాపాడేది పేరును. పనితనాన్ని కాదు, డిజైన్‌ను కాదు, నేసే పద్ధతిని అసలే కాదు. పడుగు, పేక నూలుకు ముందే ముడులు వేసి రంగు అద్ది నేసే పని ఒడిశాలో ఉంది, గుజరాత్ పటాన్‌లో పటోలా ఉంది, ఇండోనేషియాలో ఉంది, ఆ మాటకొస్తే ఇక్కత్ అనే మాటే అక్కడి భాష నుంచి వచ్చింది. కాబట్టి రేపు ఎవరైనా సూరత్‌లో కూర్చుని ఇక్కత్ నేసి 'ఇక్కత్' అని అమ్మితే జీఐ చట్టం అడ్డుపడదు. 'పోచంపల్లి ఇక్కత్' అన్నాడా, అప్పుడు పట్టుకోవచ్చు.

ఇక శిక్ష సంగతి. ఉంది, చిన్నది కూడా కాదు. తప్పుడు జీఐ వాడితే ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు, 50 వేల నుంచి 2 లక్షల దాకా జరిమానా. సివిల్ దావా వేస్తే కోర్టు అమ్మకం ఆపమని ఆర్డరు ఇవ్వొచ్చు, నష్టపరిహారం ఇప్పించొచ్చు, తప్పుడు లేబుళ్లను స్వాధీనం చేయమనొచ్చు. అయితే ఇవేవీ వాటంతట అవి జరగవు. దొంగ బంగారం పట్టుకున్నట్టు ఎవరో ఆఫీసరు బజారులో తిరిగి ప్రింటు చీరలు పట్టుకుంటాడని అనుకోవద్దు. ఎవరో ఒకరు కదలాలి. ఆ ఎవరో ఒకరు ఎవరన్నదే అసలు ప్రశ్న.

గుంటమగ్గం:
లాయరు గారు బాగా చెప్పారు కానీ, కదలాల్సింది ఎవరండీ? నేను నలభై ఏళ్లుగా మగ్గం మీదున్నా. పొద్దున గుంటలో కాళ్లు పెడితే సాయంత్రం దాకా అదే. మాస్టర్ వీవర్, అదే షావుకారు, నూలు ఇస్తాడు, చీర నేసిచ్చి కూలీ తీసుకుంటాం. పోచంపల్లి పేరు మాదంటారు, చీర మీద పేరు షావుకారుది, సర్టిఫికెట్ సంఘం ఆఫీసులో గోడకు. ఆ కాగితం మీద మా పేరుందా?

నల్లకోటు:
పెద్దాయనా, మీరు అడిగిందే అసలు కీలకం. ఈ చట్టంలో ఇద్దరుంటారు. ఒకరు రిజిస్టర్డ్ ప్రొప్రైటర్, అంటే దరఖాస్తు చేసిన సంఘమో సొసైటీయో ప్రభుత్వ సంస్థో. రెండోది ఆథరైజ్డ్ యూజర్, అంటే ఆ సరుకు తయారుచేసే మనిషి విడిగా తన పేరు రిజిస్టర్ చేయించుకోవాలి. పేరు వాడుకునే హక్కు చట్టం ఇచ్చింది ఈ రెండోవాళ్లకు. దావా వేసే హక్కు ఇద్దరికీ ఉంది, సెక్షన్ 21 చూడండి. అంటే మీరు ఆథరైజ్డ్ యూజర్ అయితే సంఘం కదలకపోయినా మీరొక్కరే కోర్టుకు వెళ్లొచ్చు.

ఫీజు ఎంతనుకుంటున్నారు? మొదట 500 రూపాయలు ఉండేది, 2020లో నిబంధనలు మార్చి 10 రూపాయలు చేశారు. పది. కూలీకి నేసినా ఫర్వాలేదు, చట్టం 'తయారుచేసేవాడు' అంది కానీ మగ్గం సొంతమా నూలు సొంతమా అని అడగలేదు.

గుంటమగ్గం:
పది రూపాయలకు అయ్యే పని ఇన్నేళ్లు ఎవరూ చెప్పలేదు. మీటింగులు మాత్రం చాలా పెట్టారు, ఫొటోలు దిగారు, ఒకసారి శాలువా కూడా కప్పారు. నేసిన మనిషికి శాలువా కప్పడం నాకు ఇప్పటికీ అర్థం కాదు.

బట్టలకొట్టు:
నేను అమ్మేవాడిని, తిట్టుకున్నా సరే ఒక మాట చెబుతా. నా కొట్టులో చేతి ఇక్కత్ ఉంది, ప్రింటూ ఉంది. ప్రింటును ప్రింటనే చెప్పి అమ్ముతా. వచ్చిన పదిమందిలో ఎనిమిది మందికి చేతి చీర ధర చెబితే వెనక్కి పెట్టేస్తారు. వాళ్లు చీర కట్టుకోవద్దా? 'పోచంపల్లి డిజైన్' అని చీటీ రాస్తే తప్పేంటి, డిజైన్ అదే కదా. ఇంకో సంగతి, నేను ఆథరైజ్డ్ యూజర్ కాకుండా అసలు చీర అమ్మినా నేరమేనా? అలాగైతే దేశంలో సగం కొట్లు మూసుకోవాలి.

నల్లకోటు:
మీ రెండో ప్రశ్నకు జవాబు తేలిక. సరైన వాళ్ల దగ్గర న్యాయంగా కొన్న అసలు చీరను మీరు మళ్లీ అమ్మితే ఉల్లంఘన కాదు, సెక్షన్ 22లోనే ఆ మినహాయింపు ఉంది. హాయిగా అమ్ముకోండి.

మొదటిది మాత్రం చిక్కే. వైన్, మద్యం విషయంలో మేధో సంపత్తి హక్కుల మీదున్న అంతర్జాతీయ ట్రిప్స్ ఒప్పందం గట్టి రక్షణ ఇచ్చింది, 'ఫలానా రకం', 'ఫలానా శైలి' అని రాసినా ఒప్పుకోదు. మిగతా సరుకులకు మాత్రం కొనేవాడు ఎక్కడిదో పొరబడేలా ఉందా లేదా అని చూస్తారు. మన చట్టంలో కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేసిన సరుకుకు ఆ గట్టి రక్షణ దక్కే వీలుంది, అంటే అప్పుడు 'స్టైల్', 'డిజైన్' అని తోక తగిలించినా తప్పించుకోలేరు. మామూలు జీఐ సరుకుకు అలా కాదు. మీ చీటీ మీద 'ప్రింటు' అన్న మాట పోచంపల్లి అన్నంత పెద్దగా ఉంటే మీరు వాదించుకోవచ్చు. చీమంత అక్షరాల్లో రాస్తే నేనే అవతలివైపు వకాల్తా పుచ్చుకుంటా, సరదాకి కాదు.

చిటికి_పిల్ల:
బట్టలకొట్టు అన్నా, మీ మీద కోపం లేదు. ప్రింటు వద్దనట్లేదు ఎవరూ. చిటికి కట్టేటప్పుడు నాన్న ఒక్కో ముడి లెక్కపెట్టుకుంటూ గ్రాఫ్ కాగితం చూసి కడతాడు, ఒక రంగు అద్ది, విప్పి, మళ్లీ కట్టి, రెండో రంగు. అందుకే గీత అంచు పొగలా కొంచెం చెదిరినట్టు ఉంటుంది, రెండువైపులా ఒకేలా కనిపిస్తుంది. ప్రింటువాడు ఆ చెదురును కూడా కంప్యూటర్‌లో గీసి అచ్చేస్తున్నాడు! తప్పును కూడా కాపీ కొట్టడమంటే ఇదేనేమో. అమ్మ చేతులు ఆసు పోసి పోసి (చిటికికి ముందు నూలును మేకుల చుట్టూ చేత్తో తిప్పడం) నొప్పులతో ఎలా ఉండేవో నాకు తెలుసు. చింతకింది మల్లేశం గారు ఆసు యంత్రం చేశాకే ఆ బాధ తగ్గింది, ఆయనకు 2017లో పద్మశ్రీ కూడా వచ్చింది. ఇంత పని మీద నిలబడిన పేరు కాబట్టే ఎనిమిది వందల చీర మీద ఆ పేరు చూస్తే కడుపు మండుతుంది.

పెడన_అచ్చు:
మీకు బయటివాడితో గొడవ. మాకు ఇంట్లోనే గొడవ.

కలంకారీకి మన ఆంధ్రాలో రెండు జీఐలు ఉన్నాయి. శ్రీకాళహస్తిది కలంతో చేత్తో గీసేది, మచిలీపట్నంది చెక్క అచ్చులతో వేసేది, ఈ పని ఎక్కువగా మా పెడనలోనే. కరక్కాయ, పాలలో గుడ్డను నానబెట్టి, ఇనుప తుక్కు బెల్లం పులియబెట్టి నలుపు చేసి, పటికతో ఎరుపు పట్టించి, కాలువ నీళ్లలో ఉతికి, మరిగించి... ఒక గుడ్డ బయటికి వచ్చేసరికి రోజులు గడిచిపోతాయి. పక్క వీధిలోనే స్క్రీన్ పెట్టి కెమికల్ రంగులతో గంటలో డజన్ల గుడ్డలు లాగేస్తారు, అదీ కలంకారీయే అంటారు. వాళ్లదీ పెడనే కదా! ఊరి పేరు అబద్ధం కాదు. ఇప్పుడు చెప్పండి లాయరు గారూ, వాళ్లను ఏ సెక్షన్ కింద పట్టుకుంటారు? పైగా వాళ్లలో మా బంధువులూ ఉన్నారు, పెళ్లిళ్లలో ఒకే బంతిలో కూర్చుని తింటాం.

నల్లకోటు:
ఇది కష్టమైన కేసని ఒప్పుకుంటున్నా. జీఐ రిజిస్టర్ చేసేటప్పుడు ఆ సరుకు ఎలా తయారవుతుందో ఒక వివరణ పెడతారు, రంగులు ఏవి, పద్ధతి ఏది, ఏ ప్రాంతం, తనిఖీ ఎవరు చేస్తారు, అన్నీ. ఆ వివరణకు సరిపోని సరుకు ఆ ఊళ్లో తయారైనా జీఐ సరుకు కాదు. సెక్షన్ 22లో ఊరి పేరుతో తప్పుదోవ పట్టించడం ఒకటే కాదు, అన్యాయమైన పోటీ అనే రెండో పాయ కూడా ఉంది, అది వాడొచ్చు. కానీ తనిఖీ వ్యవస్థ కాగితం మీద ఉండి వీధిలో లేకపోతే ఏ పాయా నిలవదు. నా మటుకు నాకు, మన దగ్గర జీఐలు నీరసించేది చట్టం వల్ల కాదు, ఈ తనిఖీ లేకపోవడం వల్లే. కొత్త ట్యాగ్ తెచ్చుకోవడంలో ఉన్న ఉత్సాహం, వచ్చిన ట్యాగ్‌కు కాపలా కాయడంలో కనిపించదు. దేశంలో జీఐలు ఆరు వందలు దాటాయి, ఏడాదికేడాది సంఖ్య చెప్పుకుని మురిసిపోతాం.

అంకుడుకర్ర:
ఏటికొప్పాక వైపు నుంచి నేను. మా బొమ్మలకు 2017లో జీఐ వచ్చింది. అంకుడు కర్రను తరిణె పట్టి, తిరుగుతుండగానే లక్క అద్దితే ఆ వేడికే కరిగి రంగు పట్టుకుంటుంది. ఆకులు, గింజలు, వేర్ల నుంచి తీసిన రంగులు తెచ్చింది సి.వి. రాజు గారు, 2023లో పద్మశ్రీ ఇచ్చారు. జీఐ వచ్చాక పేరు పెరిగింది, ఎగ్జిబిషన్లకు పిలుపులు పెరిగాయి, అది నిజం. కానీ అంకుడు చెట్లు పెరగలేదు. కర్ర దొరక్క మగ్గిపోతున్నాం. కొండపల్లి వాళ్లకు పొణికి కర్రతో అదే గోల. పేరుకు కాపలా పెట్టుకుని ముడిసరుకును గాలికొదిలేస్తే చివరికి ఏ బొమ్మ మీద ఆ పేరు రాయాలి?

ఊరికే_చదువుతా:
ఇదంతా చదువుతుంటే గుర్తొచ్చింది, పోయినేడాది ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా వాళ్లు మిలాన్‌లో మన కొల్హాపురి చెప్పుల్లాంటివి వేయించి నడిపించారు కదా, అప్పుడు జీఐ ఏం చేసింది?

నల్లకోటు:
ఏమీ చేయలేదు, చేయగలిగేదీ లేదు. కొల్హాపురి చెప్పులకు 2019లో మహారాష్ట్ర, కర్ణాటక రెండింటికీ కలిపి జీఐ వచ్చింది, రెండు రాష్ట్రాల తోళ్ల కార్పొరేషన్ల పేరు మీద. 2025 జూన్‌లో మిలాన్ షో జరిగింది. ప్రాడా ఆ చెప్పులను కొల్హాపురి అనలేదు, తోలు చెప్పులు అంది. గొడవయ్యాక భారతీయ చేతివృత్తి నుంచి స్ఫూర్తి పొందామని ఒప్పుకుంది. జీఐ కాపాడేది పేరును అన్నాను చూడండి, పేరే వాడకపోతే పట్టుకోవడానికి చేతికి ఏం దొరుకుతుంది? పైగా మన రిజిస్ట్రేషన్ మన దేశం వరకే. ఇటలీలో హక్కు కావాలంటే అక్కడ రిజిస్టర్ చేసుకోవాలి. యూరప్ వాళ్లు చేతివృత్తుల జీఐల కోసం 2023లో కొత్త నియమావళి చేశారు, 2025 డిసెంబర్ 1 నుంచి అమల్లో ఉంది. అప్పటిదాకా యూరోపియన్ యూనియన్ స్థాయిలో తిండి, మద్యాలకు తప్ప చేతివృత్తులకు ఆ ఏర్పాటే లేదు.

బొంబాయి హైకోర్టులో కొందరు లాయర్లు ప్రజాహిత వ్యాజ్యం (పిల్) వేస్తే 2025 జూలైలో కొట్టేశారు. హక్కు రిజిస్టర్డ్ ప్రొప్రైటర్‌ది, వాళ్లు వస్తే వింటాం, మధ్యలో మీరెవరు అన్నారు. చూశారా, మళ్లీ అదే, కదలాల్సిన వాళ్లు కదలడం. ఇంకోటి, డార్జిలింగ్ టీ వాళ్లు ఒక పెద్ద హోటల్ 'డార్జిలింగ్ లాంజ్' మీద కలకత్తాలో కేసు వేసి ఓడిపోయారు, జీఐ సరుకులకే కానీ లాంజ్‌లకు కాదన్నారు. అంత డబ్బున్న టీ బోర్డుకే అలా అయింది.

గోదారి_లేసు:
నర్సాపురం లేసు అల్లే ఇంట్లో పెరిగాను. 2024లో మా లేసుకు జీఐ వచ్చింది. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన పని, అందుకని "ఇది మన సంప్రదాయం ఎలా అవుతుంది" అని మా వీధిలోనే ఒకాయన ఎద్దేవా చేశాడు. ఎవరు నేర్పితే ఏంటండీ, నూట యాభై ఏళ్లకు పైగా మా ఆడవాళ్లు అల్లుతుంటే అది మాది కాదా? చట్టం కూడా ఎవరు తెచ్చారని అడగదట, ఆ ఊరితో ఆ పేరుకున్న సంబంధం చూస్తుందట. మా అమ్మకు దారం ఉండలు తెచ్చిచ్చి, అల్లినదాన్ని లెక్కగట్టి ఇంత అని చేతిలో పెట్టి వెళ్తారు. ఆమెకు జీఐ అంటే టీవీలో చూసిన వార్త అంతే. ఆథరైజ్డ్ యూజర్ మాట ఈ చర్చలోనే మొదటిసారి విన్నా.

గుంటమగ్గం:
అమ్మా, నువ్వు రాసింది చదివి మా ఆవిడకు కూడా వినిపించా. కండె చుట్టేది ఆమె, ఆసు పోసేది ఆమె, పేరు నాది. ఇప్పుడు ఆ కాగితం తెస్తే ఎవరి పేరు మీద పెట్టాలి?

నల్లకోటు:
ఇద్దరి పేర్ల మీదా విడివిడిగా పెట్టండి పెద్దాయనా, ఇరవై రూపాయలే కదా. అయితే ఒక హెచ్చరిక. చట్టంలో 'ఉత్పత్తిదారు' అన్న మాటకు ఇచ్చిన అర్థంలో ఆ సరుకు వ్యాపారం చేసేవాళ్లనూ కలిపారు. అంటే షావుకారు కూడా ఆథరైజ్డ్ యూజర్ కావొచ్చు, ఎగుమతిదారు కావొచ్చు. కాగితాలు చూసుకునే గుమస్తా ఉన్నవాడు ముందే వెళ్లి రిజిస్టర్ చేసుకుంటాడు, నేసేవాడు తర్వాత వింటాడు. నాకు ఈ చట్టంలో నచ్చని మాట ఇదొక్కటే. వ్యాపారులను వద్దనను, వాళ్లు లేకపోతే సరుకు ఊరు దాటదు, కానీ రిజిస్టర్‌లో నేసేవాళ్లు, అల్లేవాళ్లు ఎక్కువమంది ఉంటేనే రేపు సంఘంలో వాళ్ల మాట చెల్లుతుంది.

బట్టలకొట్టు:
నేను వెళ్లి చేసుకోను లెండి, భయపడకండి. చిటికి_పిల్ల చెప్పిన కొంగు తిప్పి చూసే కిటుకు మాత్రం నిన్నటి నుంచి నా కొట్టులో కొనేవాళ్లకు చూపిస్తున్నా. ఇద్దరు చూసి ప్రింటే కొన్నారు. ఒకామె మాత్రం చేతిది తీసుకుంది. చీటీ కూడా మార్చా, ముందు 'ప్రింటు' అని ఉంటుంది ఇక.

చిటికి_పిల్ల:
థాంక్స్ అన్నా. లాయరు గారూ, మరి ఆ ఆన్‌లైన్ పేజీ మీద ఇప్పటికిప్పుడు నేనేం చేయగలను? నేను నేసేదాన్ని కాదు, కొన్నది కూడా నేను కాదు. కోర్టు అంటే ఇంట్లో టెన్షన్ పడతారు.

నల్లకోటు:
కోర్టు దాకా వెళ్లకముందే చేసేవి ఉన్నాయి. ఆ పేజీ స్క్రీన్‌షాట్లు తేదీ కనిపించేలా తీసిపెట్టుకోండి, వెబ్ చిరునామాతో సహా, రేపు మార్చేస్తారు. చీర కొన్నామె బిల్లు అడిగి తీసుకోండి. ఆన్‌లైన్ వ్యాపారాలకు 2020లో వచ్చిన వినియోగదారుల నిబంధనల ప్రకారం ప్రతి సైటుకూ ఫిర్యాదుల అధికారి ఉండాలి, 48 గంటల్లో అందిందని చెప్పాలి, నెలలోగా తేల్చాలి. ఆమె అక్కడ ఫిర్యాదు పెట్టాలి, తేలకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయాలి. ఇది వినియోగదారు దారి, దీనికి మీ నాన్నగారు నేతగాడా కాదా అన్నదాంతో పని లేదు.

జీఐ దారి విడిగా. మీ దగ్గర జీఐ ఎవరి పేరు మీద ఉందో ఆ సంఘం లెటర్‌హెడ్ మీద అమ్మినవాడికి ఒక నోటీసు వెళ్లాలి, సైటుకు కాపీ. చాలాసార్లు అంతటితోనే పేజీ తీసేస్తారు. పోలీసు దారి ఉంది కానీ డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారే సోదా చేయాలి, దానికి ముందు రిజిస్ట్రార్ అభిప్రాయం తీసుకోవాలి, కాబట్టి అది చివర చూద్దాం. ఈలోపు నాన్నగారి చేత జీఐ-3 ఫారం నింపించండి. తానే ఆ సరుకు తయారు చేస్తున్నానని చూపే వివరణ కావాలి, దరఖాస్తు కాపీ ఒకటి సంఘానికి పంపాలి. పదేళ్లకోసారి రెన్యువల్ ఉంటుంది, అదీ మర్చిపోవద్దు, సంఘం రిజిస్ట్రేషన్‌కూ అంతే.

పెడన_అచ్చు:
మేమూ పెడతాం. కనీసం ఆ రిజిస్టర్‌లో ఎవరెవరున్నారో ముందు చూస్తాం. మా బంధువు పేరే ఉందేమో అని నాకు భయంగా ఉంది.

చిటికి_పిల్ల:
మూడు వారాల తర్వాత వచ్చా. ఆఫీసులో ఆమె ఫిర్యాదు పెట్టింది, డబ్బు వెనక్కి ఇచ్చారు. పేజీ తీయలేదు కానీ పేరు మార్చారు, ఇప్పుడు 'పోచంపల్లి స్టైల్ ఆర్ట్ సిల్క్' అట. లాయరు గారు చెప్పిన తోక సరిగ్గా అదే. సంఘం పెద్దలు నోటీసు రాయడానికి ఒప్పుకున్నారు, ముందు కొంచెం నసిగారు, ఊళ్లో పదకొండు మంది ఒకేసారి ఫారాలు పట్టుకుని వెళ్లేసరికి కుర్చీలు వేశారు. అందులో నలుగురు ఆడవాళ్లు, అమ్మ కూడా.

ఒక్కటి అడగాలి. ఎన్నేళ్లుగా ఈ పని చేస్తున్నారో రాసిమ్మంటున్నారు. నాన్న "మా తాత కాలం నుంచి అని రాయి" అంటాడు. అమ్మ పెళ్లయిన ఏడాది చెబుతోంది. ఏది రాయాలి?

నల్లకోటు:
తాతగారిది పక్కన వివరంగా రాయండి, బాగుంటుంది. లెక్కలో మాత్రం సొసైటీ పాస్‌బుక్కో కూలీ చీటీయో ఏ ఏడాది నుంచి చూపించగలరో అదే వేయండి. అమ్మగారికి అవి లేకపోతే నూలు తెచ్చినప్పటి రసీదులు ఏమైనా ఉన్నాయేమో పెట్టెలో వెతకండి.

చిటికి_పిల్ల:
1994 నాటి రసీదు ఒకటి దొరికింది. అమ్మ సంతకమే ఉంది.